టమాటా ఆకుల మీద పాము చారలు: ఇది ఏ లిరియోమైజా, మందు ఎప్పుడు కొట్టాలి?

ప్రశ్న ఇది: "టమాటాలోనూ, పక్కనే ఉన్న బీర పందిరిలోనూ ఆకుల మీద తెల్లటి వంకర చారలు వచ్చాయి. షాపులో ఇచ్చిన మందు వారం తేడాతో రెండుసార్లు కొట్టాను. తగ్గకపోగా పెరిగాయి. ఇది లిరియోమైజా అనే ఈగ అని చదివాను. ట్రైఫోలియా, సటైవేనా, హ్యూయిడోబ్రెన్సిసా? ఇంటి ముందు నిమ్మచెట్టు మీద కూడా ఇలాంటి చారలే ఉన్నాయి. అక్కడి నుంచే వచ్చిందా? ఏ మందుతో పోతుంది?"

ముందు ఒక మాట. మూడోసారి మందు కొట్టడం రెండు రోజులు ఆపండి. రెండు రోజుల్లో పంట పోదు. ఈలోగా చారలున్న ఆకులు ఓ ఇరవై కోసి, ఎండకు ఎదురుగా పట్టుకుని, చార లోపల ఎవరున్నారో చూడాలి. ఎలా చూడాలో కింద వివరంగా రాస్తున్నాను. కూరగాయ పంటల పురుగుల మీద చాలా ఏళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: ఈ ఈగ విషయంలో రైతుకు ఎక్కువ నష్టం చేసేది చారలు కాదు, చారలు చూసి కంగారుగా కొట్టే మందులు.

నిమ్మచెట్టు సంగతి ముందు తేల్చేద్దాం. నిమ్మ, బత్తాయి లేత చిగుళ్ల మీద వెండిలా మెరిసే చార గీసేది ఈగ కాదు, సీతాకోకచిలుకల వర్గానికి చెందిన చిన్న రెక్కల పురుగు. దాని పేరు ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా. నిమ్మ జాతి మొక్కలు, వాటి దగ్గరి చుట్టాలు తప్ప దానికి వేరే తిండి పట్టదు. కాబట్టి మీ టమాటాకు అది అంటుకునే ప్రశ్నే లేదు, టమాటా నుంచి నిమ్మకూ పోదు. చారలు చూడటానికి ఒకేలా ఉన్నాయని రెండింటికీ ఒకే మందు కొడుతుంటారు. అది డబ్బు వృథా.

టమాటాలో ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. 2014లో మహారాష్ట్రలో బయటపడి తర్వాత మన రెండు రాష్ట్రాలకూ పాకిన టూటా అబ్సల్యూటా కూడా ఆకు లోపలే తింటుంది. అదీ రెక్కల పురుగే. తేడా కనిపెట్టడం సులువు. టూటా తిన్నచోట సన్నటి చార కాకుండా వెడల్పాటి పొక్కులా, పలుచని కాగితంలా మచ్చ ఏర్పడుతుంది. దాన్ని చించి చూస్తే ముదురు రంగు తల, కాళ్లు ఉన్న గొంగళి కనిపిస్తుంది. అది తర్వాత కాయలోకి కూడా దూరుతుంది. లిరియోమైజా పిల్లకు తలా ఉండదు, కాళ్లూ ఉండవు, కాయ జోలికీ పోదు. లేత పసుపు రంగులో, బియ్యపు గింజలో సగం కూడా లేని మెత్తటి పురుగు అది. నోట్లో రెండు నల్లటి కొక్కేలు మాత్రం కనిపిస్తాయి. మీరు రాసిన దాన్ని బట్టి టమాటాకూ బీరకూ ఒకేసారి సన్నటి వంకర చారలు వచ్చాయంటే లిరియోమైజా అనుకోవడమే సబబు.

ఇక మీ అసలు ప్రశ్న, ఏ లిరియోమైజా అన్నది.

లిరియోమైజా అనేది ఒక ఈగ పేరు కాదు, ఒక ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు. జోసెఫ్ మిక్ 1894లో ఈ పేరు పెట్టాడు. ఆగ్రోమైజిడే అనే కుటుంబంలోది. కందికాయలో గింజ తినే కాయ ఈగ, చిక్కుడు జాతి లేత మొక్కల కాండం తొలిచే ఈగ కూడా ఈ కుటుంబానివే. లిరియోమైజా ప్రజాతిలో మూడు వందలకు పైగా జాతులున్నాయి. వాటిలో ఎక్కువ జాతులు ఒకటి రెండు రకాల మొక్కలకే కట్టుబడి, కలుపు మొక్కల మీదో అడవి మొక్కల మీదో బతికేస్తాయి. వాటితో మనకు ఏ గొడవా లేదు. పంటల మీద పడేవి ఓ ఇరవై చిల్లర. అందులోనూ దొరికిన మొక్కనల్లా తినేవి, దేశాలు దాటి పోయేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకే కుటుంబానికి చెందిన మొక్కలకు అలవాటు పడిన ఈగల మధ్య నుంచి ఇలా అన్నీ తినే కొన్ని జాతులు పుట్టుకురావడం ఈ ప్రజాతిలో నాకు ఎప్పటికీ ఆసక్తి తగ్గని విషయం.

ముఖ్యమైనవి చెబుతాను. ట్రైఫోలి, సటైవే, హ్యూయిడోబ్రెన్సిస్ ఈ మూడూ అమెరికా ఖండాలవి, ఇప్పుడు ప్రపంచమంతా ఉన్నాయి. బ్రయోనియే యూరప్‌ది, అక్కడి గ్లాస్‌హౌస్ టమాటాలకు పాత శత్రువు. బ్రాసికే క్యాబేజీ, ఆవ కుటుంబానికి పరిమితం. చైనెన్సిస్ తూర్పు ఆసియాలో ఉల్లి మీద ఉంటుంది. సిసెరైనా మధ్యధరా ప్రాంతంలో, పశ్చిమాసియాలో శనగ రైతుల్ని ఏడిపిస్తుంది. మన దగ్గర కూరగాయల మీద, ఆముదం మీద, చామంతి మీద ఎక్కువగా నమోదైంది ట్రైఫోలి. కాబట్టి మీ పొలంలోది కూడా ట్రైఫోలి అయ్యే అవకాశమే ఎక్కువ. కానీ చార ఫోటో చూసి ఎవరైనా గట్టిగా పేరు చెబితే నమ్మకండి. ఒకే ఈగ టమాటా మీద ఒకలా, బీర ఆకు మీద ఇంకోలా గీస్తుంది. ఆకు మందం, ఈనెల అల్లిక, ఒకే ఆకులో ఎన్ని పిల్లలున్నాయన్నదాన్ని బట్టి చార ఆకారం మారిపోతుంది.

చార చూసి చెప్పగలిగింది ఒక్కటే, అదీ కొంతవరకే. హ్యూయిడోబ్రెన్సిస్ పిల్ల ఆకు అడుగు పొరలో, మధ్య ఈనె, పక్క ఈనెల వెంబడి తింటూ పోతుంది. అందుకే దాని చార ఈనెలకు అంటుకుని ఉంటుంది, ఆకు కింది వైపు నుంచి బాగా కనిపిస్తుంది. ట్రైఫోలి, సటైవే పిల్లలు పై పొరలో తింటాయి. వాటి చార ఆకు పై వైపే తెల్లగా తేలి, ఈనెలతో సంబంధం లేకుండా మెలికలు తిరుగుతుంది. మీరు రాసిన "తెల్లటి వంకర చారలు" ఈ రెండో రకానికి సరిపోతాయి.

ట్రైఫోలినీ సటైవేనీ విడదీయాలంటే మాత్రం పెద్ద ఈగ కావాలి. రెండూ సుమారు రెండు మిల్లీమీటర్లే ఉంటాయి. రెండింటికీ వీపు మీద, రెక్కలు కలిసే చోట కొట్టొచ్చినట్టు పసుపు చుక్క ఉంటుంది. పదింతలు పెద్దగా చూపించే భూతద్దంతో ఆ పసుపు చుక్కకు ముందున్న నల్లటి వీపు చూడండి. సటైవేది నిగనిగలాడే నలుపు. ట్రైఫోలిది బూడిద చల్లినట్టు మెరుపు లేని నలుపు. ఇంకో గుర్తు తల వెనక. అక్కడ కంటి పక్కగా రెండు జతల నిక్కబొడుచుకున్న వెంట్రుకలుంటాయి. ట్రైఫోలిలో అవి రెండూ పసుపు మీదే మొలుస్తాయి. సటైవేలో బయటి జత మొలిచిన చోటు నల్లగా ఉంటుంది. హ్యూయిడోబ్రెన్సిస్‌లో రెండు జతలూ నలుపు మీదే, పైగా తొడలు కూడా ముదురు రంగు తిరిగి ఉంటాయి. జిగురు అట్టకు అంటుకుని నలిగిపోయిన ఈగలో ఇవేవీ సరిగా కనిపించవు. అప్పుడే కోశం (పిల్ల ఈగగా మారే గూడు) నుంచి బయటికొచ్చిన ఈగలో కూడా రంగు ఇంకా తేరుకుని ఉండదు, ఒక రోజు ఆగాలి.

ఇదంతా చేసినా అది అంచనాయే. ఖాయంగా చెప్పాలంటే మగ ఈగ జననాంగాన్ని మైక్రోస్కోప్ కింద చూడాలి, లేదా డీఎన్ఏ పరీక్ష చేయాలి. ఈ ఈగల కుటుంబాన్ని జీవితకాలం చదివిన కెన్నెత్ స్పెన్సర్ అంతటివాడికి కూడా ఇది తేలిగ్గా తెగలేదు. కాలిఫోర్నియా బఠాణీ ఈగకు ఫ్రిక్ అనే శాస్త్రవేత్త 1951లో లాంగీ అని పేరు పెడితే, 1973లో స్పెన్సర్ అది హ్యూయిడోబ్రెన్సిసే అని కలిపేశాడు. 2001లో సోంజా షెఫర్, ఆమె సహచరుడు డీఎన్ఏ ఆధారంగా అవి రెండు వేర్వేరు జాతులేనని తేల్చారు. కాలిఫోర్నియాలో, హవాయిలో ఉన్నది లాంగీ. దక్షిణ అమెరికా నుంచి ప్రపంచమంతా పాకింది హ్యూయిడోబ్రెన్సిస్. పైకి చూస్తే రెండింటికీ తేడా పట్టుకోవడం కష్టం. ట్రైఫోలిలో కూడా అమెరికాలో క్యాప్సికం మీద బతికే గుంపు డీఎన్ఏలో వేరుగా కనిపిస్తోంది. అంటే మనం ఒకే పేరుతో పిలుస్తున్న దాంట్లో కూడా ఒకటికి మించి ఉండొచ్చు.

రైతుకు ఈ తేడాలతో ఏం పని అని మీరు అడగొచ్చు. పని ఉంది. ఒక జాతి లొంగని మందుకు ఇంకో జాతి లొంగొచ్చు. ఒకటి వేడికి తట్టుకుంటే ఇంకొకటి చల్లటి కొండ ప్రాంతాల్లో విజృంభిస్తుంది. అలాగే ఒక దేశంలో ఉన్న జాతి ఇంకో దేశంలోకి అడుగుపెట్టకుండా క్వారంటైన్ వాళ్లు ఆపాలంటే ఏది ఏదో తెలియాలి. ఆస్ట్రేలియా వాళ్లు చాలా ఏళ్లు ఈ మూడింటినీ ప్రధాన భూభాగంలోకి రాకుండా కాచుకున్నారు. చివరికి 2015లో కేప్ యార్క్ కొసన సటైవే, 2020లో సిడ్నీ పరిసరాల్లో హ్యూయిడోబ్రెన్సిస్, 2021లో ఉత్తరాన ట్రైఫోలి కనిపించాయి.

మన దగ్గరికి ట్రైఫోలి ఎలా వచ్చిందో తెలిస్తే మందు సంగతి కూడా అర్థమవుతుంది.

ఈ ఈగను 1880లో వాషింగ్టన్ పరిసరాల్లో క్లోవర్ అనే పశుగ్రాసపు మొక్క నుంచి పట్టి వర్ణించారు. జాతి పేరు కూడా ఆ మొక్కదే. దాదాపు తొంభై ఏళ్లు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. దాని బలమైన స్థావరం ఫ్లోరిడా. అక్కడ సెలరీ, చామంతి తోటల్లో విపరీతంగా మందులు కొట్టేవారు. కొత్త మందు వస్తే రెండు మూడేళ్లకే పనిచేయకుండా పోయేది. అలా మందుల్లో కాగి తేలిన ఈగ 1970ల్లో చామంతి కొమ్మల ముక్కలతో పాటు విమానమెక్కి కాలిఫోర్నియాకు, యూరప్‌కు, కెన్యాకు చేరింది. గుడ్డు ఆకు పొర లోపల ఉంటుంది కాబట్టి పైనుంచి చూస్తే మొక్క శుభ్రంగానే కనిపిస్తుంది. కాలిఫోర్నియా చామంతి పరిశ్రమకు 1981 నుంచి 1985 వరకు సుమారు 9.3 కోట్ల డాలర్ల నష్టం అని లెక్కగట్టారు. అప్పటిదాకా అక్కడ పొలాల్లో ఉన్న సటైవేను కూడా ఇది చాలాచోట్ల పక్కకు తోసేసింది. మందులకు తట్టుకోవడంలో ట్రైఫోలిదే పైచేయి కావడం అందుకు పెద్ద కారణం.

మన దేశంలో 1990ల మొదట్లో బయటపడింది. తొలి నివేదికల్లో ఒకటి మన హైదరాబాద్ రాజేంద్రనగర్ నూనెగింజల పరిశోధన క్షేత్రం వాళ్లదే, ఆముదం మీద. చామంతి మొక్కలతో వచ్చి ఉంటుందని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. కొన్నేళ్లలోనే టమాటా, దోస, బీర, సొర, చిక్కుడు, అలసంద, బెండ, పత్తి, జెర్బెరా, ఇలా పదుల సంఖ్యలో మొక్కల మీద నమోదైంది. అంటే మన పొలంలోకి వచ్చేనాటికే అది ఎన్నో మందుల్ని జీర్ణం చేసుకున్న ఈగ. మీ షాపులో ఇచ్చిన మందు పనిచేయకపోవడంలో వింతేమీ లేదు.

ఇప్పుడు దాని బతుకు చూద్దాం, ఎందుకంటే ఏ దశలో దేనికి దొరుకుతుందో అక్కడే తెలుస్తుంది.

ఆడ ఈగకు పొట్ట చివర గుచ్చే సాధనం ఉంటుంది. దాంతో ఆకు పైపొరలో చిన్న చిల్లి పొడిచి, వెనక్కి తిరిగి అందులో ఊరిన రసం తాగుతుంది. మగ ఈగకు ఆ సాధనం లేదు, ఆడది పొడిచిన చిల్లుల్లోనే అది కూడా తాగాలి. పంటలో మొదట కనిపించే గుర్తు చార కాదు, ఈ చుక్కలే. ఆకు మీద సూదితో గుచ్చినట్టు తెల్లటి చుక్కలు వరసగా కనిపిస్తే ఈగ దిగినట్టే. ఆ చిల్లులన్నిట్లోనూ గుడ్లుండవు. ట్రైఫోలిలో గుడ్డు పెట్టేది సుమారు నూటికి పదిహేను చిల్లుల్లోనే. కాబట్టి చుక్కలు చూసి భయపడకండి. గుడ్డు రెండు నుంచి ఐదు రోజుల్లో పగులుతుంది. పిల్ల ఆకు పై, కింది పొరల మధ్య పచ్చటి కండ తింటూ ముందుకు పోతుంది. అది పెరిగేకొద్దీ చార వెడల్పవుతుంది. చార లోపల నల్లటి గీతలా కనిపించేది దాని రెట్ట. వాతావరణం వెచ్చగా ఉంటే వారంలోపు తిండి పూర్తి చేసుకుని, చార చివర ఆకు పొరను అర్ధచంద్రంలా కోసి, బయటికొచ్చి నేలమీద పడుతుంది. మట్టి పై పొరలోనో, రాలిన ఆకుల కిందో బంగారు రంగు గింజలా కోశం కడుతుంది. గుడ్డు నుంచి పెద్ద ఈగ వరకు మొత్తం చక్రం 15 డిగ్రీల చలిలో యాభై రోజులు దాటుతుంది, 20 డిగ్రీల్లో 26 రోజులు, 35 డిగ్రీల్లో 12 రోజులే. మన రబీ చివర, వేసవి మొదట్లో ఇది ఎందుకు ఒక్కసారిగా ఎక్కువవుతుందో ఈ అంకెలే చెబుతాయి.

దీన్నిబట్టి రెండు సంగతులు గమనించండి. గుడ్డూ పిల్లా ఆకు లోపల ఉంటాయి, కోశం మట్టిలో ఉంటుంది. ఆకు మీద పడి ఎండిపోయే మందు వీటిలో దేనికీ తగలదు. తగిలేది ఎగిరే ఈగకు మాత్రమే, దానికేమో చాలా మందులు ఇప్పటికే అలవాటు. రెండో సంగతి, చార ఒకసారి పడ్డాక పోదు. పురుగు చచ్చినా, వెళ్లిపోయినా చార ఆకు రాలేదాకా అలాగే ఉంటుంది. చార ఉందంటే పురుగు ఉన్నట్టు కాదు. మందు కొట్టిన వారానికి పాత చారలు చూసి "తగ్గలేదు" అని మళ్లీ కొట్టే వాళ్లను ఎంతోమందిని చూశాను.

ఇక అసలు కారణానికి వస్తాను. మీ పొలంలో మందు కొట్టాక ఎందుకు పెరిగాయి?

ఈ ఈగ పిల్లల్ని వెతికి చంపే చిన్న చిన్న కందిరీగలున్నాయి. కుట్టేవి కావు, మనిషిని ఏమీ చేయవు. లిరియోమైజా జాతుల మీద బతికే ఇలాంటి పరాన్నజీవులు ప్రపంచంలో వంద జాతులకు పైనే ఉన్నాయి. మన దగ్గర హెమిప్టార్సెనస్ వరికార్నిస్, నియోక్రిసోకారిస్ ఫార్మోసా లాంటివి కూరగాయ పొలాల్లో మామూలుగానే తిరుగుతుంటాయి. తల్లి కందిరీగ ఆకు మీద నడుస్తూ మీసాలతో తట్టి, లోపల పిల్ల ఉన్న చోటు కనిపెట్టి, ఆకు పొరలోంచే సూది దించి దాన్ని కదలకుండా చేస్తుంది. తర్వాత పక్కన గుడ్డు పెడుతుంది. దాని పిల్ల ఈగ పిల్లను తినేస్తుంది. కొన్నిసార్లు గుడ్డు పెట్టకుండా, కుట్టి రసం మాత్రం తాగి వెళ్లిపోతుంది. అప్పుడూ ఈగ పిల్ల చచ్చినట్టే. బయటి నుంచి తెచ్చిన ఈగ అయినా, మన ఊరి కందిరీగలు దానికి ఇంత బాగా అలవాటు పడటం మన అదృష్టం.

మీరు పేరు రాయలేదు గానీ, షాపుల్లో చారలు అనగానే ఇచ్చేది ఎక్కువగా సింథటిక్ పైరిత్రాయిడో, ఆర్గానోఫాస్ఫేటో, రెండూ కలిపిన మందో. అవి ఆకు లోపలి పిల్లను చేరలేవు. ఆకు మీద నడిచే కందిరీగను మాత్రం ముందే చంపుతాయి. కాపలా పోయాక ఈగ ఇష్టం వచ్చినట్టు పెరుగుతుంది. ఇది ఊహ కాదు. కాలిఫోర్నియా టమాటాలో మెథోమిల్ అనే పురుగుమందు కొట్టిన చోట సటైవే విజృంభించిందని, అందుకు పరాన్నజీవులు చావడమే కారణమని 1976లోనే ప్రచురించారు. పెరూ దేశంలో తీరాన ఉన్న కాన్యెతె లోయ బంగాళదుంప రైతులది ఇంకా పెద్ద కథ. వేరే పురుగుల కోసం విపరీతంగా మందులు కొట్టడంతో, అప్పటిదాకా లెక్కలోకి రాని హ్యూయిడోబ్రెన్సిస్ 1970ల నుంచి అక్కడ ప్రధాన పురుగైపోయింది. చివరికి వాళ్లను గట్టెక్కించిన వాటిలో ఒకటి పసుపు రంగు ప్లాస్టిక్ షీటుకు జిగురు పూసి, ఇద్దరు మనుషులు రెండు వైపులా పట్టుకుని సాళ్ల మీదుగా నడవడం. లిమాలోని అంతర్జాతీయ బంగాళదుంప కేంద్రం ఈ పద్ధతిని ప్రచారం చేసింది.

జపాన్‌లో కూడా ఆలోచించాల్సిన సంగతి జరిగింది. అక్కడ మొదట 1990లో ట్రైఫోలి వచ్చింది. తర్వాత సటైవే వచ్చి దాన్ని వెనక్కి నెట్టింది, అమెరికాలో జరిగినదానికి సరిగ్గా తలకిందులుగా. ఎక్కువ గుడ్లు పెట్టడం, అక్కడి పరాన్నజీవికి తక్కువ దొరకడం సటైవేకు కలిసొచ్చాయని అక్కడి శాస్త్రవేత్తలు తేల్చారు. అంటే ఏ ఈగ గెలుస్తుందో నిర్ణయించడంలో మన స్ప్రేయర్‌కూ, కందిరీగకూ కూడా వాటా ఉంది.

సరే, మీ పొలంలో ఏం చేయాలి?

ముందు ఆకులు చూడటం. చారలున్న ఆకులు పొలం నాలుగు మూలల నుంచి, మధ్య నుంచి కోయండి. కింది ఆకులే కాకుండా మధ్య ఆకులు కూడా తీసుకోండి. వెలుతురుకు ఎదురుగా పెట్టి చార వెడల్పాటి కొస చూడండి. పచ్చగా, పసుపుగా కదులుతున్న పిల్ల ఉంటే అది బతికున్న పురుగు. గోధుమ రంగు తిరిగి ముడుచుకుపోయి ఉంటే చచ్చింది. దాని పక్కన చిన్న గుడ్డో, తెల్లటి ఇంకో పిల్లో, నల్లటి చిన్న కోశమో కనిపిస్తే కందిరీగ పని. కొసన అర్ధచంద్రపు కోత ఉండి లోపల ఖాళీ అయితే పురుగు వెళ్లిపోయింది. మొత్తంలో బతికున్నవి ఎన్నో లెక్కపెట్టండి. చచ్చినవీ కందిరీగ పట్టినవీ సగానికి పైగా ఉంటే, ఈ వారం ఏ మందూ కొట్టకండి. పొలం దానంతటదే కోలుకుంటోంది.

టమాటా చారలకు బాగా తట్టుకుంటుంది. మొక్క పెద్దదై, కాపు పట్టాక కింది ఆకుల మీద చారలు ఎన్ని ఉన్నా దిగుబడి మీద పెద్దగా తేడా రాదు. భయపడాల్సింది రెండు సందర్భాల్లో. ఒకటి, నారుమడిలోనూ, నాటిన మొదటి మూడు వారాల్లోనూ. బీర, దోస, సొర మొలకల తొలి జత ఆకులు చారలతో నిండితే మొక్క ఎదగలేదు. రెండోది, చారలు పైకి పాకి, కాయల్ని కప్పే ఆకులు ఎండిపోయి కాయకు ఎండ దెబ్బ తగలడం. ఆకుకూరలు, చామంతి, జెర్బెరా అయితే వేరే లెక్క, అక్కడ అమ్మేదే ఆకూ అందమూ కాబట్టి.

బతికున్న పురుగు ఎక్కువగా ఉంటే ఈ వరసలో వెళ్లండి. చారలు నిండిన కింది ఆకులు తెంపి, గట్టు మీద పడేయకుండా ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి ఎండలో పెట్టండి, లేదా లోతుగా పూడ్చండి. ఊరికే గట్టు మీద వేస్తే పిల్లలు అక్కడే మట్టిలోకి దిగి ఈగలై మళ్లీ వస్తాయి. పసుపు జిగురు అట్టలు మొక్క పై భాగానికి సమానంగా కట్టండి. వాటితో ఈగ మొత్తం పోదు గానీ, ఎక్కువవుతోందా తగ్గుతోందా అన్నది వారం వారం తెలుస్తుంది. తర్వాత వేప గింజల కషాయం 5 శాతం, సాయంత్రం పూట, ఆకు రెండు వైపులా తడిసేలా. వేప గుడ్లు పెట్టడాన్ని తగ్గిస్తుంది, పిల్ల నుంచి ఈగ సరిగా తయారు కాకుండా చేస్తుంది. కందిరీగలకు దాని హాని తక్కువ. కషాయం తాజాగా తయారు చేసుకుంటేనే గుణం ఉంటుంది. నిలవ గింజలతో చేసి "వేప పనిచేయదు" అనడం న్యాయం కాదు.

అప్పటికీ ఆగకపోతేనే రసాయనం. అదీ ఆకు పొరలోకి దిగే గుణం ఉన్నదే కావాలి. అబామెక్టిన్, స్పినోసాడ్ లాంటివి, సైయాంట్రానిలిప్రోల్, సైరోమజీన్ ఈ పని చేస్తాయి. మీరు కొనే డబ్బా మీద మీ పంట పేరు, ఈ పురుగు పేరు ఉన్నాయో లేదో చూసి, అక్కడ రాసిన మోతాదూ, కోతకు ముందు ఆగాల్సిన రోజులూ పాటించండి. మోతాదు ఇక్కడ నేను రాయను. బ్రాండును బట్టి, పంటను బట్టి మారుతుంది. ఒకే మందు వరసగా రెండోసారి వద్దు. అబామెక్టిన్, స్పినోసాడ్, సైరోమజీన్ మూడింటికీ తట్టుకున్న ట్రైఫోలి గుంపులు అమెరికాలో ఇప్పటికే నమోదయ్యాయి. మళ్లీ కొట్టాల్సి వస్తే వేరే గుంపు మందు తీసుకోండి. తేనెటీగలు తిరిగే బీర పందిరిలో అయితే తప్పనిసరిగా సాయంత్రమే కొట్టండి.

ఒక పెద్ద తప్పు చెప్పాలి. పురుగు పోలేదని రెండు మూడు మందులు కలిపి కొడుతుంటారు. ఈ ఈగ విషయంలో అంతకు మించిన చెడు లేదు. కందిరీగ పూర్తిగా పోతుంది, ఈగ మాత్రం ఒకేసారి రెండు మూడు మందులకు తట్టుకోవడం నేర్చుకుంటుంది.

మీ రెండు పంటల గురించి ఇంకో సూచన. బీర పందిరి ముందు వేసి, టమాటా తర్వాత నాటి ఉంటే, ఈగ బీర మీద పెరిగి టమాటాకు వచ్చి ఉంటుంది. గట్టు మీద ఆముదం చెట్లు ఉంటే వాటి ఆకులు కూడా తిప్పి చూడండి. ఆముదం దీనికి చాలా ఇష్టం. అయితే ఆ చెట్లు వెంటనే నరకకండి. మందు కొట్టని ఆ ఆకుల్లోనే కందిరీగలు కూడా పెరుగుతాయి. అక్కడ కూడా ఇరవై ఆకులు కోసి, కందిరీగ పట్టిన పిల్లలు ఎక్కువా తక్కువా చూసి అప్పుడు నిర్ణయించుకోండి.

ప్రజాతి, జాతి సంగతి మీకు ఇంత ఆసక్తిగా ఉంది కాబట్టి ఇంట్లోనే చేసుకోగలిగే పరీక్ష ఒకటి చెప్పి ముగిస్తాను. చారల్లో బతికున్న పిల్లలున్న ఆకుల్ని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, అడుగున టిష్యూ కాగితం పరిచి పెట్టండి. మూతకు సూదితో సన్నటి చిల్లులు పెట్టండి. నీళ్లు చల్లకండి, బూజు పడుతుంది. కాగితం కొంచెం చెమ్మగా ఉంటే చాలు. నీడలో ఉంచండి. మూడు నాలుగు రోజుల్లో బంగారు రంగు గింజల్లాంటి కోశాలు కాగితం మీద కనిపిస్తాయి. రెండు మూడు వారాల్లో ఎగిరే పురుగులన్నీ బయటికొస్తాయి. పసుపు చుక్క వీపున్నవి ఈగలు. లోహంలా ఆకుపచ్చగానో నీలంగానో మెరుస్తూ, సన్న నడుముతో ఉన్నవి కందిరీగలు. రెండూ లెక్కపెట్టి రాసుకోండి. ఈగల్ని ఒక రోజు ఆగి, డబ్బాను ఫ్రిజ్‌లో పెడితే కదలకుండా ఉంటాయి, అప్పుడు భూతద్దంతో వీపు మెరుపూ, తల వెనక వెంట్రుకలూ చూడొచ్చు. మగ ఈగల్ని కొన్నింటిని చిన్న సీసాలో ఆల్కహాల్ పోసి దాచి, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికో, వ్యవసాయ లేదా ఉద్యాన కళాశాల కీటకశాస్త్ర విభాగానికో ఇవ్వండి. సీసా మీద పంట పేరు, ఊరు, తేదీ పెన్సిల్‌తో రాసిన చీటీ వేయడం మరచిపోకండి. అవి లేని నమూనా వాళ్లకు ఎందుకూ పనికిరాదు. మీ డబ్బాలో ఈగలెన్ని, కందిరీగలెన్ని వచ్చాయో, కొట్టిన మందు పేరేమిటో ఇక్కడ రాస్తే, తర్వాత ఏం చేయాలో ఇంకొంచెం ఖాయంగా చెప్పగలను.